డాక్టరుకి చూపించడానికి తెచ్చిన పొట్లం

ఊళ్లో అందరూ నేను సరిహద్దులో యుద్ధం చేసొచ్చాననుకుంటారు. సైన్యంలో నేను పోరాడింది చపాతీ పిండితో. ఓడింది కూడా దానిచేతిలోనే. తొమ్మిదిలో బడి మానేసినవాడికి తుపాకీకంటే గరిటె మేలని మా సుబేదారు తేల్చేశాడు.

రిటైరై వచ్చాక గంజాయి చెక్‌పోస్టులో కాంట్రాక్టు మీద వేశారు. రాజోలు దగ్గర, వంతెన దిగగానే రేకుల షెడ్డు. ఆగస్టు. గాలి లేదు, ఉక్క. నా చేతికి ఒక లాఠీ, ఒక వాకీటాకీ, కొబ్బరి లోడుల్లో గుచ్చి చూడడానికి ఒక ఇనుప ఊచ. డ్యూటీ ఉదయం ఆరు నుంచి రెండు దాకా. తోడు ఒక కానిస్టేబులు. షెడ్డు మీద పెద్ద బోర్డు: 'మత్తుకు బానిసైన మీవాళ్లను తీసుకురండి. వైద్యం చేయిస్తాం. కేసు ఉండదు.'

నెలాఖరైనా ఊచకి కొబ్బరి పీచు తప్ప ఏమీ అంటలేదు. వాకీటాకీలో ఎస్సైగారిది రోజూ అదే గోల.

"కేసులెన్ని?"

"లేవండీ."

"గాడిదలు కాస్తున్నారా?"

"అవీ రావట్లేదండీ."

కానిస్టేబులు నవ్వాపుకోలేక బయటికి పోయాడు.

మర్నాడు ఒకావిడ తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అతను కొబ్బరి దింపు తీసేవాడు. చెట్టెక్కే తాడు ఇంకా భుజాన్నే ఉంది.

"గంజాయి పీల్చి చెట్టెక్కుతున్నాడండీ. ఏదో రోజు పడిపోతాడు. ఆస్పత్రికి పంపించండి బాబూ."

"ఆయ్, పంపిస్తాం. కూర్చోమ్మా."

ఆవిడ కొంగులోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు అడుగుతాడని మాత్రల అట్ట పట్టుకెళ్తాం చూడండి, అలా గంజాయే పట్టుకొచ్చింది.

"లోపల పెట్టెయ్యమ్మా" అనేలోపే ఎస్సైగారి జీపు ఆగింది. పొట్లం చూసి నన్ను పక్కకి పిలిచారు.

"బోర్డు చూసి వైద్యానికి వచ్చేరండీ," అన్నాను.

"సరుకు దొరికింది. అమ్ముతుంటే పట్టుకున్నామని రాయి."

"తెచ్చింది అక్కండీ."

"అయితే ఆవిణ్ణి కూడా రాయమంటావా?"

కాగితాలు తీసి బల్ల మీద పెట్టాను.

జీపెక్కేముందు అతను తాడు తీసి అక్క చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని చుట్టచుట్టి చంకలో పెట్టుకుని, నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. జీపు ఆస్పత్రికే వెళ్తోందనుకుంది. ఆ దణ్ణం ఇప్పటికీ నా కళ్లముందు నుంచి కదలదు.

కాంట్రాక్టు అయిపోయి మలికిపురం వచ్చేశాను. అతనికి జామీను ఇచ్చేవాళ్లు దొరకలేదని విన్నాను. ఓ రోజు బజారులో ఆవిడే ఎదురైంది. తప్పించుకోబోయి, కుదరక అడిగాను.

"తమ్ముడెలా ఉన్నాడమ్మా?"

"ఇప్పుడు పడిపోతాడన్న భయం లేదండీ. జైల్లో కొబ్బరిచెట్లుండవు కదా."