డెబ్బై రెండో నిమిషం

ఈ రేకు డబ్బా మూత తీస్తే ఇప్పటికీ ముందు తుప్పు వాసన, దాని వెనకాలే నానిన కొబ్బరి పీచు వాసన, ఆ రెండూ సర్దుకున్నాక ఎక్కడో అడుగునుంచి కాస్త బెల్లం వాసన వస్తాయి. మొదట ఇందులో బిస్కెట్లుండేవి, అవి అయిపోయాక మా మామ్మ బెల్లంతో చేసిన పోకుండలు దాచేది, ఆ తర్వాత ఒక డిసెంబరులో మా ప్రసాదు అన్నయ్య దీన్ని గోదావరి గట్టున దాచి, చేతనైతే వెతుక్కోమని నా చేతిలో ఒక చీటీ పెట్టాడు.

మాది సఖినేటిపల్లి. క్రిస్మస్ దగ్గరపడుతుంటే మా వీధిలో వెదురు గడల చివర కాగితపు నక్షత్రాలు వేలాడేవి, పొద్దున్నే గోదావరి మీంచి మంచు లేచి కొబ్బరి చెట్ల మొదళ్లను మింగేసి తలలు మాత్రం వదిలేసేది, అవతల నర్సాపురం రేవు కనపడకపోయినా జనాన్ని ఏరు దాటించే పంటు ఇంజను చప్పుడు మాత్రం నీళ్ల మీద నడుచుకుంటూ మా వంటింటి దాకా వచ్చేది. వంటింట్లో మామ్మ బెల్లం పాకం పడుతుండేది. వీధి అరుగు మీద పెదనాన్నగారు, హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, పేపరును మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా చదివి, నాలుగు మడతలు పెట్టి, దాని మీద కళ్లజోడు పెట్టేవారు. ఆయన ముందు మా నాన్న కూడా గొంతు పెంచేవాడు కాదు.

నాకు పదమూడేళ్లు. ప్రతి శనివారం మధ్యాహ్నం పంటెక్కి నర్సాపురం లైబ్రరీకి వెళ్లేదాన్ని. ఏ పుస్తకం ముందు చదవాలో చెప్పేవాళ్లెవరూ లేరు గనక చేతికందినదల్లా చదివేదాన్ని, అర్థంకానిది మళ్లీ వారం మళ్లీ చదివేదాన్ని, అలా ఒంటరిగా అర్థమైన ప్రతి ముక్కా నా సొంత తోటలో కాసిన కాయలా అనిపించేది. అక్కడి పెద్ద అట్లాసు ఇంటికిచ్చేవారు కాదు. బల్ల మీదే పరుచుకుని, భూమి మీద అడ్డంగా, నిలువుగా గీసిన గీతలేమిటో, డిగ్రీని అరవై నిమిషాలుగా, నిమిషాన్ని అరవై సెకన్లుగా ఎందుకు కోస్తారో నాకు నేనే నేర్చుకున్నాను. మామ్మకి ఇదంతా నచ్చేది కాదు. ఎదిగే పిల్ల ఒక్కతీ గోదారి దాటడమేమిటి, మన ఇంట్లో పుస్తకాలు లేవా, అని రోజూ సణిగేది.

ఆ సెలవులకి కాకినాడలో ఇంజినీరింగు చదివే అన్నయ్య, అంటే పెదనాన్నగారి అబ్బాయి, కొత్త టచ్ ఫోనుతో, కొత్త ఆటతో దిగాడు. జియోకాషింగ్ అంటారట. ఎక్కడో ఒక డబ్బా దాచి, ఆ చోటు అక్షాంశ, రేఖాంశాల అంకెలు మాత్రం బయటపెడితే, ముక్కూ మొహం తెలియనివాళ్లు ఫోను పట్టుకుని వెతుక్కుంటారట. ఆ అంకెల్ని మూడు రకాలుగా రాస్తారని చెప్పాడు. ఒకటి నా అట్లాసు పద్ధతి, డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు. రెండోది ఆటవాళ్ల పద్ధతి, సెకన్లు తీసేసి నిమిషాలకే చుక్క పెట్టి ముక్కలు రాయడం. మూడోదాంట్లో నిమిషాలే ఉండవు, డిగ్రీల పక్కనే చుక్క పెట్టేస్తారు. ఇవన్నీ లైబ్రరీలో దొరకవే, అన్నాడు నా నెత్తి మీద చిన్నగా మొట్టి. నాకు వెంటనే చీటీ కావాలన్నాను.

పెదనాన్నగారు పేపరు దించేరు. డబ్బా దొరికితే లైబ్రరీ చదువు పనికొచ్చినట్టు, దొరక్కపోతే పంటెక్కడం మానెయ్యాలి, అన్నారు. మామ్మ వంటింట్లోంచే సరేనంది. నేను ఆయ్ అన్నాను.

చీటీ మీద ఆటవాళ్ల పద్ధతిలో ఉంది: ఉత్తరం 16 డిగ్రీల 43.42 నిమిషాలు, తూర్పు 81 డిగ్రీల 72.16 నిమిషాలు. మధ్యాహ్నమంతా స్కూలు అట్లాసు ముందేసుకున్నాను. డెబ్బై రెండు నిమిషాలేమిటో అర్థం కాలేదు, కానీ ఇంజినీరింగు చదివేవాడు రాసింది తప్పవుతుందని తోచక, అరవైని ఒక డిగ్రీగా పైకి కలిపేసి, మిగిలిన పన్నెండు నిమిషాలతో వేలు జరుపుకుంటూ వెళ్లాను. వేలు కోనసీమంతా దాటి అటు చివర ఆగింది.

"డబ్బా యానాంలో ఉందండీ, పెదనాన్నగారూ."

అరుగంతా నవ్వు. పొద్దున్న దాచి భోజనానికొచ్చేసినవాణ్ని యానాం ఎప్పుడెళ్లొచ్చేనే, అన్నాడు అన్నయ్య. "యానాం వెళ్లినవాళ్లెవరూ ఖాళీ చేతుల్తో రారు కదరా, మందు సీసాలేవీ?" అంది మామ్మ, పెదనాన్నగారు దగ్గేరు. నవ్వులో వాటాగా నాకో పోకుండ ఇచ్చారు. నేను తినలేదు.

సాయంత్రం అన్నయ్య ఫోనులో మ్యాపు తీసి తన స్నేహితుడెవరికో మా ఇల్లు చూపిస్తుంటే వెనకనుంచి తొంగిచూశాను. కింద చిన్న అంకెల్లో మా ఇంటి చోటు ఉంది. పదహారు, చుక్క, నలభై మూడు. ఎనభై ఒకటి, చుక్క, డెబ్బై రెండు. చీటీలోని అంకెలే, చుక్క మాత్రం వేరే చోట ఉంది. ఫోను మూడో పద్ధతిలో ఇచ్చిన అంకెల్ని అన్నయ్య లెక్కకట్టి మార్చకుండా, మధ్యలో డిగ్రీ గుర్తు పెట్టి ఆటవాళ్ల పద్ధతిలా రాసేశాడు. చుక్క తర్వాతున్నదాన్ని అరవైతో గుణిస్తేనే నిమిషాలవుతాయి. అలా చేస్తే డెబ్బై రెండు కాదు, నలభై మూడు నిమిషాల పైచిలుకు రావాలి.

ఫోను అడిగి తీసుకుని, చుక్కని దాని చోట పెట్టి కొట్టాను. గీత మా కొబ్బరితోట గుండా గట్టు వైపు వెళ్లింది. తోటలోని బోదె కాలవ దాటి, తడిసిన పీచు కుప్పల మధ్యనుంచి, బోర్లా తిప్పి పడేసిన పాత పడవ దాకా నడిచాను. పడవ కింద చెయ్యి పెడితే రేకు చల్లగా తగిలింది.

డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టి, అన్నయ్య ఎక్కడ తప్పు రాశాడో అందరి ముందూ చెప్పాను. అన్నయ్య మొహం మాడిపోయింది. కావాలనే అలా రాశానన్నాడు. పెదనాన్నగారు కళ్లజోడు తుడుచుకున్నారు.

"సంతోషం. కానీ పెద్దవాడి లెక్క నలుగురిలో తప్పనడం బాగోలేదమ్మాయ్. వాడికి సారీ చెప్పు, శనివారం నీ పంటు నువ్వెక్కు."

"డబ్బా తెచ్చేనండీ. సారీ చెప్పనండీ. డెబ్బై రెండో నిమిషం ఉండదండీ."

"అయితే పంటూ ఉండదు," అన్నారాయన.

ఆ మాట చాలా సులువు. రెండక్షరాలు అనేసి ఉంటే లైబ్రరీ నాది. కానీ ఆ రెండక్షరాలూ అంటే, అక్కడ నేను చదివినది నాది కాకుండా పోతుందనిపించింది. పండగంతా నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. కొత్త గౌను వేసుకుని చర్చిలో కూడా పళ్లు బిగించుకునే కూర్చున్నాను.

శనివారం మధ్యాహ్నం పంటు కూత వినపడుతుంటే పెరట్లో నూతి గిలక దగ్గర నిలబడ్డాను. మామ్మ వచ్చింది. బైబిలు చదువుకోవడం కోసమే అక్షరాలు నేర్చుకున్న మనిషి, లెక్కలంటే ఆమడ దూరం.

"ఏవే, నిజంగా అరవై దాటవా?"

"దాటవు మామ్మా. అట్లాసులో ఉంది."

"అయితే చెప్పులేసుకో."

అరుగు మీద పెదనాన్నగారు ఎక్కడికమ్మా అన్నారు. "ఒక్కతీ వెళ్లకూడదన్నాను గాని నేను రానన్నానా? ఆ నిమిషాలేవిటో నేనూ చూసొస్తాను," అని తెల్లచీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని మెట్లు దిగింది. కన్నతల్లికి ఎదురు చెప్పలేక ఆయన పేపరు విప్పేరు, అప్పటికే ఆఖరి అక్షరం దాకా చదివేసిన పేపరు. లైబ్రరీలో మామ్మ అట్లాసు మీద, బైబిలు వాక్యం మీద పెట్టినట్టే వేలు పెట్టి, గీతల మధ్య అంకెలు ఒక్కొక్కటీ పైకి చదివింది. అరవై దగ్గర ఆగి, నా వైపు చూసి, తలూపింది. ఆపైన చాలా శనివారాలు అలాగే ఇద్దరం వెళ్లాం.

ఇప్పుడు మామ్మ లేదు. కాగితపు నక్షత్రాల చోట ప్లాస్టిక్‌వి మెరుస్తున్నాయి. ఆ పడవను ఎవరో పొయ్యిలోకి కొట్టుకుపోయారు, గట్టును గోదావరి కోసుకుపోయింది. ఆనాటి అంకెలు ఇవాళ ఫోనులో కొడితే బాణం గుర్తు నీళ్లలో నిలబడుతోంది. అంకెలు తప్పు కాదు, నేలే లేదు. ఈ డబ్బాను మిగిలిన గట్టున నేనే మళ్లీ దాచబోతున్నాను, చీటీ కూడా రాశాను, నిమిషాలు నిమిషాల్లా.

అన్నయ్య ప్రతి క్రిస్మస్‌కీ ఫోను చేసి, సారీ ఎప్పుడు చెప్తావే అని అడుగుతాడు.

డెబ్బై రెండో నిమిషం రానీ అన్నయ్యా, అంటాను.