ఆఫ్రికా మేడి

తెలంగాణ వచ్చిన కొత్తల నేను పాలమూరు దగ్గర ఒక సర్కారు జూనియర్ కాలేజిల బాటనీ చెప్తుండె. మా ప్రిన్సిపాల్ సారుకు చెట్లంటే మహా ప్రేమ, ముఖ్యంగ ఫోటో దిగే రోజు.

కాలేజి వెనుక బోరు పక్కన ఒక మేడిచెట్టు ఉండె. మొదలు నుంచి కొమ్మలదాంక గుత్తులు గుత్తులుగ కాసేది. పండును చీరి, "గిది ఉత్త పండు కాదు, పూలగుత్తి. పూలన్నీ లోపటికి తిరిగి ఉన్నయి సూడుర్రి" అంటే పిల్లలు నోరు తెరిచి చూసేటోళ్లు. సారు మాత్రం ముక్కు మూసుకునేటోడు. రాలిన పండ్లకు ఈగలు ముసురుతున్నయట, లోపల పురుగులున్నయట. మొక్కలు నాటే కార్యక్రమం వస్తుందనంగ, జాగా సాపుగ కనపడాలని ఆ చెట్టును కొట్టించిండు. మొక్కలు నాటనీకె చెట్టు కొట్టిన మనిషిని అదే మొదలు చూసుడు. నేను స్టాఫ్ రూంల గొణిగిన, అంతే. నా ధైర్యం గూడ అంతమాత్రందే.

తర్వాత వారం హైదరాబాదు నర్సరీ నుంచి నడుమెత్తు మొక్క ఒకటి కారుల తెచ్చిండు.

"మేడం, ఆఫ్రికా మొక్క. సికమోర్ అంటరు. మన జిల్లాల ఎక్కడ లేదు" అన్నడు.

ఆకు పట్టుకొని చూసిన. పిల్లి నాలుక లెక్క గరుకుగ ఉంది. కొస తుంచితే పాలు కారినయి.

"సార్, ఇది మేడే. మనం కొట్టేసినదానికి అక్కనో చెల్లెనో అయితది."

"మేడి మేడే, ఆఫ్రికా ఆఫ్రికానే" అన్నడు.

గేటు పక్కన మొరం తిప్ప మీద గుంత తవ్విస్తుంటే గడ్డపారకు నిప్పురవ్వలు లేసినయి. ఉండలేక చెప్పిన. "సార్, అక్కడ గూడ ఇది ఏటి ఒడ్డునే పెరుగుతది. లోతు మన్ను కావాలె, నీరు దగ్గరుండాలె. ఈ రాళ్లల్ల వేరు దిగదు."

సారు నవ్విండు. "ఆఫ్రికా అంటే ఎడారి మేడం. ఎడారిల నీళ్లెక్కడియి?"

ఒక ఖండాన్ని మొత్తం ఒక్క మాటతోని ఎండబెట్టిండు. ఆయన చదివింది ఏం సబ్జెక్టో చెప్పను. ఆ సబ్జెక్టు ఏం పాపం చేసింది?

పెద్దమనిషి ఒకాయన వచ్చి నాటిండు. అందరు చేతులు పెట్టంగ ఫోటోల మొక్కే కనపడలే. చెంబెడు నీళ్లు పోసిర్రు. ఫోటో సరిగ రాలేదని ఇంకో చెంబు పోసిర్రు. ఆ కార్యక్రమంల మొక్కకు దక్కిన లాభం ఆ రెండో చెంబే. నల్లరాతి పలక మీద పెద్దమనిషి పేరు, సారు పేరు చెక్కించిర్రు. చెట్టు పేరుకు జాగా మిగలలే.

ఎండకాలం వచ్చేసరికి మొక్క కట్టెపుల్ల అయింది. సారు కారు రోజూ దాని పక్కనుంచే పోయేది.

ఒకనాడు పొద్దుగాల, కాలేజి ఊడ్చే ఆయమ్మ నా దగ్గరికి వచ్చింది. "అమ్మా, గోరుతోని గీరి సూసిన. లోపట ఇంక పచ్చగనే ఉంది. వానలు పడంగనే తీసి అవతల పెడదమా?"

"సారు చూస్తే?"

"సారు పలకను సూస్తడు గని, మొక్కనెన్నడు సూసిండమ్మా" అన్నది.

రెండు వానలు పడ్డంక ఒక ఆదివారం ఇద్దరం పోయినం. మన్నుముద్దతోనే పెకిలించి, పిల్లలు చేతులు కడిగిన నీళ్లు పారే కాడ పెట్టినం. గేటు కాడ గుంత ఖాళీగ ఉంటే అనుమానమొస్తదని ఆయమ్మ అండ్ల ఒక తంగేడు మొక్క పెట్టింది. తంగేడుకు మొరమైనా ఒకటే, మాగాణైనా ఒకటే.

కొన్నాళ్లకు కాలేజి చూడనీకె ఆఫీసర్లు వచ్చిర్రు. సారు ఆ తంగేడును చూపించి, "ఆఫ్రికా మొక్క, చూడుర్రి ఎట్ల పట్టుకుందో" అన్నడు. అందరు తలలూపిర్రు. ఒకాయన ఆకును వాసన గూడ చూసిండు. బతుకమ్మల పేర్చే తంగేడు, రాష్ట్రం వచ్చినంక రాష్ట్రపు పువ్వైన తంగేడు! వాళ్లల్ల ఒక్కరి కాలికైనా మన్ను తగిలుంటే గుర్తుపడుదురు.

మరుసటి ఏడు అది ఒళ్లంత పసుపు పూసింది. ఆ దినం నుంచి సారు అటు దిక్కు వేలు చూపుడు బంద్ చేసిండు. నన్ను మాత్రం ఏం జరిగిందని అడగలే. అడిగితే చెప్తనని తెలుసు.

ఆయన ప్రమోషన్ మీద పోయిండు. నీళ్ల కాడి చెట్టు మాత్రం ఆగలే. మొద్దు లావైంది, పసుపుపచ్చటి బెరడు పొరలు పొరలుగ లేసింది, కొమ్మలు అడ్డంగ సాగినయి. కొన్నేండ్లకు మొద్దు మీదనే కాయలు పట్టినయి. మొదటి పండును ఆయమ్మ కొంగుల పెట్టుకొని తెచ్చింది. బ్లేడుతో చీరి చూసిన. ఒక్క గింజ గట్టిపడలే. ఆ పూలల్ల దూరి గింజ కట్టించే చీమంత కందిరీగ దాని దేశంలనే ఉంటది, ఇక్కడ లేదు.

"తినొచ్చా అమ్మా?"

"తినొచ్చు."

సగం నోట్లేసుకొని, జరసేపు నమిలి, "సప్పగుంది" అన్నది. మిగిలిన సగం నేను తిన్న. నిజమే, సప్పగనే ఉంది. అయినా ఇంకో రెండు కోసుకొని తిని, నేను క్లాసుకు పోయిన, ఆమె చీపురు పట్టుకున్నది.