హుకుంపేట కొండ మీది ఓడ ముక్క

ఈ ప్రయాణం నేను కోరి పెట్టుకున్నది కాదు. రిటైరయ్యాక అరకు వెళ్తే కాఫీ తాగడానికే వెళ్ళాలనుకున్నాను. మా ఎదురింటి టీచరుగారి తమ్ముడు ప్రకాశంగారు హుకుంపేట దగ్గర ఒక చిన్న ఊళ్ళో పాస్టరు. ఒకే వారంలో మూడుసార్లు ఫోన్ చేశారు. "సార్, మా చర్చి గంట అణు ఓడ ముక్కని ఊరంతా భయపడుతున్నారు. గంట కొట్టే అమ్మాయి కడుపుతో ఉంది. మీరొచ్చి ఒక్కసారి కొలిచి చెప్తే చాలు" అన్నారు. నా ఉద్యోగమంతా రేడియేషన్ కొలతలే. చివరి కొన్నేళ్ళూ, అణుశక్తితో నడిచే నౌకలు పాతబడితే వాటిని ఎలా విప్పాలో నివేదికలు రాశాను. మోకాలి నొప్పి తప్ప నాకు వేరే సాకు లేదు, దాన్ని ఆయన వినిపించుకోలేదు.

విశాఖలో అరకు మీదుగా పోయే కిరండూల్ పాసింజరుకి కిటికీ సీటు కావాలంటే పొద్దున్న ఆరింటికల్లా ప్లాట్‌ఫారం మీద ఉండాలి. నేను ఆరున్నరకి చేరి నడవ పక్కన కూర్చున్నాను. కొత్తవలసలో వంకాయల గంపతో ఎక్కినామె "ఎక్కడికి బాబూ, అరకు సూడ్డానికా?" అంది.

"గంట చూడ్డానికమ్మా."

"గంట కోసం ఇంత దూరమేటి? సింహాచలంలో నేవేటి?"

నవ్వి, ఆమె గంపకి చోటిచ్చాను. సొరంగం వచ్చినప్పుడల్లా కుర్రకారు పెట్టే కేకలకి తలనొప్పి మొదలైంది. పదకొండున్నరకి అరకులో దిగి, స్టేషను బయట పప్పు, పులుసుతో భోజనం చేశాను. హుకుంపేటకి షేర్ జీపులో వెళ్ళాను. అక్కడినుంచి పాస్టరుగారి మోటారు సైకిలు, గతుకుల దారి. ఈ దారిన వెళ్ళేవారు నడుముకి బెల్టు పెట్టుకోవడం మంచిది.

మధ్యలో టీ కోసం ఆగినప్పుడు ఆయన సంగతంతా చెప్పారు. గంట కొట్టే అమ్మాయి పేరు రూతు. భర్త దానియేలు గుజరాత్‌లో ఓడలు కోసే యార్డులో కూలీ. రెండేళ్ళ కిందట సెలవుకి వస్తూ మందపాటి ఇనుప పలక ఒకటి తెచ్చి, 'నేవీ ఓడది' అని గొప్పగా చెప్పి చర్చికిచ్చాడు, దాన్నే గంటగా వేలాడదీశారు. ఈమధ్య ఎవరి ఫోనులోనో అణు ఓడల్ని కోసే వీడియో వచ్చింది. ఆ గంట వచ్చాకే రూతుకి మొదటి కడుపు నాలుగో నెలలో పోయింది. నేవీ ఓడంటే అణు ఓడేనని, దాన్ని కొట్టబట్టే కడుపు పోయిందని ఊరివాళ్ళు రెండిటినీ కలిపేశారు. ఇప్పుడు ఆమెకి అయిదో నెల. అత్త ఎస్తేరమ్మ ఆమెని చర్చి గడప తొక్కనివ్వడం లేదు, సగం మంది ఆరాధనకే రావడం మానేశారు.

నాకు తెలిసింది నేనూ చెప్పాను. అణు ఓడలో ముందు ఇంధనం తీయాలి. తర్వాత రియాక్టరు ఉన్న గదిని ఓడ పొట్టలోంచి కోసి, రెండువైపులా మూసి, తరాల తరబడి కాపలా కాయాలి. దాన్ని పెట్టే చోటు తేలక ఏళ్ళ తరబడి రేవులోనే కట్టి ఉంచిన ఓడల్ని ఒక చలిదేశంలో చూశాను. మిగతా ఓడలో చాలావరకు మామూలు ఇనుమే. అయినా పలక పలకనీ కొలిచి చూపించాలి, చూపించినా కొనేవాడు జంకుతాడు. అలాంటి ఓడ దానియేలు యార్డుకి వచ్చే అవకాశమే లేదు. "అదే మావాళ్ళకి చెప్పండి సార్" అన్నారు పాస్టరుగారు.

నాలుగింటికి చర్చి ముందు జనం చేరారు. నేనొక తెలివితక్కువ పని చేశాను, రేడియేషన్ కొలిచే మీటరుని దాని చప్పుడు ఆపకుండానే గంట దగ్గరికి తీసుకెళ్ళాను. నేలలో, రాతిలో, మన ఒంట్లో కూడా కాస్త రేడియేషన్ ఉంటుంది కాబట్టి మీటరు ఎక్కడ పెట్టినా అప్పుడప్పుడు టిక్కుమంటుంది. అది టిక్కుమనగానే ఎస్తేరమ్మ కోడల్ని రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. విషయం తేల్చేద్దామని మీటరుని చర్చి రాతిమెట్టు మీద పెట్టాను. అక్కడ ఇంకా గబగబా టిక్కుమంది.

"చూశారా, ఇనుము కంటే మీ కొండరాయే ఎక్కువ. దీంతో ఇన్నాళ్ళూ బతకలేదా?" అన్నాను.

"అయితే మెట్టుక్కూడా అంటీసినాదా?" అంది ఎస్తేరమ్మ.

ఎవరూ నవ్వలేదు. గొంతెండేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పాను. జనం తలలూపి ఇళ్ళకి పోయారు.

పాస్టరుగారింట్లోనే పడుకున్నాను. నాటుకోడి కూర బాగుంది, నులకమంచం బాగాలేదు. పొద్దున్న ఏడింటికి రూతు వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. కళ్ళు నిద్రలేక లోపలికి పోయాయి.

"నిజం సెప్పండి బాబూ. మీ కోడలు కడుపుతో ఉంటే దీన్ని కొట్టమందురా?"

"అంటానమ్మా. అందులో ఏమీ లేదు."

"మీరు అబద్దం ఆడతన్నారని కాదు. అది ఈడ ఉంటే నాకు నిద్ర పట్టదు. ఏటీ నేకపోతే మీరే పట్టుకెళ్ళిపోండి."

ముందు కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చి కొలిచిన కొలతకి విలువే లేదా అనిపించింది. కానీ ఆ ముఖం చూస్తూ వాదించలేకపోయాను. సరేనన్నాను. పలకని విప్పి గోనెసంచిలో వేసి బండికి కట్టారు. సంచి ముడి బిగించాకే ఆ పిల్ల ముఖం తేటపడింది.

అరకులో పాత సామాన్లు కొనే కొట్టుకి తీసుకెళ్తే, కొట్టువాడికి కబురు ముందే అందింది. "ఊరికే ఇచ్చినా నాకొద్దు సార్. నా కొట్టుకి ఎవడూ రాడు" అన్నాడు. పన్నెండు కిలోలకి తక్కువుండని ఆ సంచిని నేనే స్టేషనుకి మోసుకొచ్చాను.

సాయంత్రం రైలు గంట ఆలస్యం. ఈసారి కిటికీ సీటు దొరికినా లోయ చూసే ఓపిక లేదు. ముప్పై ఏళ్ళు కొలిచినవాడి మాటని ఒక ఫోను వీడియో ఓడించింది కదా అని ఎస్తేరమ్మని, కొట్టువాణ్ణి, ఊరందర్నీ మనసులో తిట్టుకుంటూ కూర్చున్నాను. త్యాడ స్టేషనులో ఒక యువతి ఏడాది నిండని పాపతో ఎక్కి నా పక్కన కూర్చుంది. కాసేపటికి పాపని కిందికి దించింది. పాప పాక్కుంటూ వచ్చి, నా కాళ్ళ దగ్గరున్న సంచి మీద చెయ్యి వేసింది.

నేను ఒక్క ఉదుటున ఆ చెయ్యి లాగేశాను.

"ఏటి బాబూ, పగిలీదేటైనా ఉన్నాదా?" అంది తల్లి కంగారుగా.

"ఏమీ లేదమ్మా, ఇనుము."

పాప మళ్ళీ అటే పాకింది. సంచిని సీటు కిందికి నెట్టి కాళ్ళు అడ్డం పెట్టాను. వాళ్ళు కొత్తవలసలో దిగేదాకా తియ్యలేదు.