వెనక్కి తిరగని తేదీ ముద్ర

అంకుల్ పోయారని గురువారం పొద్దున, నేను ఆఫీసు తాళం తీస్తుండగా, వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట. "సరే" అని పెట్టేశాను. లోపలికెళ్లి, పదకొండింటికి ఆయన్ని కలవాల్సిన వాళ్లకు ఫోన్ చేసి రావద్దన్నాను.

పిస్కాటవే ఊళ్లో మన తెలుగువాళ్లు చాలామందికి ఆయన వీలునామాలు రాసే లాయరు. నాకు పని ఇచ్చిన మనిషి. అంతకుముందు నేను వేర్‌హౌస్‌లో పెట్టెలు సర్దేదాన్ని. డిగ్రీ లేదు. ఇంటర్వ్యూలో ఆయన అడిగినవి రెండే. "చదవడం వచ్చా? కోపం వస్తుందా?" రెండూ ఉన్నాయన్నాను. "మొదటిది పెంచుకో, రెండోది తగ్గించుకో" అన్నారు. మొదటిదే కుదిరింది.

ఆయన బల్ల మీద పాత తేదీ ముద్ర ఒకటి ఉండేది. చిన్న చక్రాలు తిప్పితే రోజు మారుతుంది. కాఫీ కంటే ముందు ఆ చక్రం తిప్పేవారు. ఆఫీసులో ప్రతి కాగితం మీదా ఆ ముద్ర పడాల్సిందే. సలహా ఉత్తరం ఏదైనా చివరి వాక్యం ఒకటే: "ఇది ఈ రోజున్న చట్టం ప్రకారం."

ఆ వాక్యం ఎందుకో డాక్టరమ్మ వచ్చిన ఏడాది తెలిసింది. ఆవిడ రిటైరైన పిల్లల డాక్టరు. క్లినిక్ ఉన్న బిల్డింగూ, షేర్లూ కూతురికి రాసిద్దామనుకున్నారు. కాగితాలు డిసెంబర్‌కే సిద్ధం. మోకాలి ఆపరేషన్ వల్ల సంతకం ఫిబ్రవరికి వాయిదా పడింది. ఈలోగా వాషింగ్టన్‌లో కొత్త మాట మొదలైంది. పన్ను లేకుండా ఇవ్వగలిగే పరిమితిని బాగా తగ్గిస్తారనీ, దాన్ని జనవరి ఒకటి నుంచే లెక్కేస్తారనీ. అదే జరిగితే, ఆ పన్ను కట్టడానికి ఆ బిల్డింగే అమ్ముకోవాలి.

"ఇచ్చేశాక రూల్ మారిస్తే కోర్టు ఊరుకుంటుందా అండీ?" అన్నారావిడ. "అది అన్‌కాన్‌స్టిట్యూషనల్, భయపడకుండా సైన్ చేసెయ్ అంటున్నారు మా ఫ్రెండ్స్."

"వాళ్లలో లాయర్లెంతమంది?"

"ఒక్కరూ లేరు. ఇద్దరు కార్డియాలజిస్టులు."

"అందుకే గుండె ధైర్యం చెప్పారు" అని నవ్వి, అంకుల్ విడమర్చి చెప్పారు. దాదాపు వందేళ్ల కిందట గిఫ్ట్ టాక్స్, అంటే ఊరికే ఇచ్చిన ఆస్తి మీద పన్ను, కొత్తగా పెట్టినప్పుడు, అప్పటికే ఇచ్చేసినవాటి మీద వేస్తే సుప్రీంకోర్టు కొట్టేసింది. తర్వాత్తర్వాత కోర్టు మెత్తబడింది. కారణం సబబుగా ఉండి, వెనక్కి వెళ్లింది కొద్ది కాలమే అయితే చాలంది. "నేను వాదించగలను డాక్టరుగారూ. గెలుస్తానని మాటివ్వలేను. మీ బిల్డింగ్ పెట్టి నేను పందెం కాయను."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ బాత్‌రూమ్‌కి వెళ్లగానే ముద్ర చక్రాలు డిసెంబర్‌కి తిప్పేశాను. "కాగితాలు అప్పటివే కదా అంకుల్. ఆ డేటే వేద్దాం."

ఆయన అరవలేదు. ముద్ర తీసుకుని ఒక్కో అంకే ముందుకు తిప్పుతూ ఆ రోజు దాకా వచ్చారు. "మనం వెనక్కి తిప్పితే నేరం, అమ్మాయ్. వాళ్లు తిప్పితే చట్టం."

"అది న్యాయమా?"

"కాదు. కానీ అన్యాయమైందల్లా రాజ్యాంగ విరుద్ధం కాదు. అది నేర్చుకోడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది."

"డబ్బున్నవాళ్ల గోల అంకుల్ ఇది. మనకెందుకు?"

"ఇవాళ వాళ్ల మీద చెల్లిన వాదన రేపు నీ మీదా చెల్లుతుంది. అందుకు."

ఆ వారం ఆయన కాగితాలన్నీ మళ్లీ రాశారు. ఆస్తి ట్రస్టులోకి వెళ్లేలా, కూతురు తొమ్మిది నెలల్లోగా నాకొద్దంటే, అసలు ఇవ్వనట్టే తల్లికి తిరిగొచ్చేలా. చట్టం వెనక్కి వెళ్తే కూతురు సంతకం చేసేందుకు ఆ నిరాకరణ ఉత్తరం కూడా టైప్ చేయించి, సంతకం లేకుండా సొరుగులో పెట్టారు. నెలనెలా నేను వాషింగ్టన్ వార్తలు చదివి వినిపించేదాన్ని. ఆయన ఆ సొరుగు వైపు ఓసారి చూసి, "ఉండనీ" అనేవారు.

చివరికి చట్టం వెనక్కి వెళ్లలేదు. క్లినిక్ అక్కడే ఉంది, పిల్లలు ఏడుస్తూనే వెళ్తున్నారు. కానీ వాషింగ్టన్ వాళ్లు చట్టాన్ని వెనక్కి తిప్పలేక ఆగలేదు, ఓట్లు చాలక ఆగారు. నా కోపం అలాగే ఉంది. తేడా ఒకటే. ఇప్పుడు దేని మీద కోపమో సరిగ్గా చెప్పగలను. అది ఆయన పెట్టిన భిక్ష.

నిన్న పేరుకుపోయిన ఉత్తరాలకు ముద్ర వేయడానికి కూర్చున్నాను. ముద్ర మీద ఆయన చివరిసారి తిప్పిన బుధవారం తేదీ ఉంది. ఒక్క ఊపులో ఆ రోజు తేదీకి తెచ్చేయొచ్చు. తేలేదు. ఒక్కో అంకె దగ్గరా ఆగుతూ, ఆయన లేని తొమ్మిది రోజులూ ముందుకు తిప్పాను. వేలికి అంటిన నీలి సిరా ఇంకా పోలేదు.