తాటివనం నక్షలో ఇరవై ఏడో చుక్క

మానస గురించి చెప్పాలంటే ముందు మా దివాకర్ సార్‌ను నాలుగు మాటలు అనాలి. వేరే దారి లేదు.

జగిత్యాల టవర్ దగ్గర, చెప్పుల దుకాణం మీది అంతస్తులో మా ఆఫీసు. కంప్యూటర్‌లో నక్షలు తయారుచేస్తాం. సార్‌కు కంప్యూటర్ భాషల పిచ్చి. ఒక్కదాంట్లోనూ పది లైన్లు రాయలేడు గానీ, ఏది గొప్పదో గంటసేపు ఉపన్యాసం ఇస్తాడు. సిరిసిల్ల మరమగ్గాల షెడ్ల నక్ష జావాలో మొదలై, జావాస్క్రిప్ట్‌లోకి మారి, ఇప్పటికీ సగంలోనే ఉంది. కోరుట్ల వార్డుల నక్షదీ అదే గతి. ఎవడో వీడియో పెడతాడు, ఈయన పొద్దున్నే వచ్చి మా ప్రాణం తీస్తాడు.

"పైథాన్ పాతవడ్డది సతీశ్. ఇగ అంత రస్ట్ భాషే" అంటాడు నాతో. నేను తలూపుతాను. ఏడేళ్లుగా నా ఉద్యోగం అదే.

మానస తలూపదు. పెగడపల్లిలో కల్లుగీసే గంగారాం బిడ్డ. డిగ్రీ చదివి, మిగతాదంతా సొంతంగా నేర్చుకుంది. ఆమె లాప్‌టాప్‌కు ఒక పక్క మూత ఊడితే తాడుతో కట్టుకుంది. దాంట్లో ఉన్నదల్లా క్యూజీఐఎస్ అనే ఉచిత నక్షల సాఫ్ట్‌వేర్, కొంచెం పైథాన్.

"ఫ్రీగ వచ్చేదాన్ని ఎవడు నమ్ముతడు మానసా?" అని సార్ వెక్కిరిస్తే, "నక్షల పనికి కావాల్సినయన్ని పైథాన్ల ఎవరో రాసి పెట్టిన్రు సార్. మల్ల మనమెందుకు రాసుడు? రేపు మనం లేకున్నా ఊరోళ్లు ఈ ఫైలు తెరుసుకోవాలె గద" అనేది. సార్‌కు అది నచ్చదు. మనం లేకున్నా పని నడిస్తే మనమెందుకని ఆయన బాధ.

ఈసారి పని ఆమె ఊరిదే. కొత్త కాలువ తాటివనం మీదుగా పోతోంది. ఎవరి పేరున ఎన్ని చెట్లు నక్షలో ఉంటే, బదులుగా ఇచ్చే కొత్త వనంలో వాళ్లకు అన్ని చెట్లని కల్లుగీత సంఘం తీర్మానించింది. నక్షలో లేనివాడికి లేనట్టే. గంగారాం నిరుడు చెట్టు మీదినుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఏడాదిగా ఎక్కలేదు. చెట్లు కూడా పోతే ఇక ఆ వనంలో తన పేరే ఉండదని ఆయన దిగులు.

మానస రెండు వారాలు వనమంతా తిరిగింది. ఒక్కో చెట్టు కింద నిలబడి ఫోన్‌లో చుక్క పెట్టింది. ఎవరి చెట్టు, రోజుకు ఎన్ని లీటర్ల కల్లు, అన్నీ రాసింది. నక్ష అయిపోయింది. సంఘానికి ఇస్తే సరిపోయేది.

సార్ ఊరుకుంటాడా? హైదరాబాద్‌లో ఎవడితోనో మొత్తం రస్ట్‌లో మళ్లీ రాయించాడు. "ఒక్కసారి సూపియ్యున్రి సార్" అని మానస అడిగితే, సంఘం మీటింగులో చూద్దువు గానీ అన్నాడు. ఆ కొత్త ప్రోగ్రామ్ మహా తెలివైనది. కల్లు సున్నా అని ఉంటే అది తప్పుడు లెక్క అనుకుని చెట్టునే తీసేస్తుంది. మీటింగుకు ముందురోజు నా తెర మీదే వచ్చింది: ముప్పై ఒక్క పంక్తులు తీసేస్తున్నాను, సరేనా? సార్ నా వెనకే నిలబడి ఉన్నాడు. సరే అని నొక్కాను.

సంఘం భవనంలో పెద్ద టీవీ పెట్టారు. నక్ష గిర్రున తిరిగింది, రంగులు మారింది. జనం చప్పట్లు కొట్టారు. సార్ మెడ కాస్త పొడుగైంది.

గంగారాం కర్ర ఊతంగా టీవీ దాకా నడిచి వచ్చాడు. చాలాసేపు వెతికాడు.

"నాయి ఏవి?"

"చెట్లుంటే కంప్యూటర్ సూపెట్టదా పెద్దమనిషీ?" అన్నాడు సార్, నవ్వుతూ.

ఏడాది నుంచి ఎక్కని మనిషి చెట్లకు కల్లు ఎక్కడినుంచి వస్తుంది? అన్నీ సున్నాలే. నాకప్పుడు వెలిగింది, నేను సరేనన్న ముప్పై ఒక్క పంక్తుల్లో ఆయన చెట్లన్నీ పోయాయని. తూ నా బతుకు అనుకుని, కుర్చీలోనే కూర్చున్నాను.

మానస మాత్రం లేచి, టీవీ వైరును సార్ కంప్యూటర్ నుంచి పీకి తన తాడు కట్టిన లాప్‌టాప్‌కు తగిలించింది. అసలు ఫైలు తెరిచింది. తూర్పు గట్టు వెంట చుక్కలు వరసగా నిలబడ్డాయి. సంఘం అధ్యక్షుడు జైపాల్ "గివే, గివే గంగన్నయి" అని అరిచాడు. సార్‌కు అప్పుడే ఫోన్ వచ్చినట్టుంది, బయటికి పోయాడు.

గంగారాం ఒక్కో చుక్కను వేలితో తాకాడు.

"గిది గూనిది. గిది పిట్టలది. గిది నిన్ను గన్న మీ అవ్వ ఏరి ఇచ్చింది..." లెక్కపెట్టుకుంటూ పోయి ఆగాడు. "ఇరవై ఆరే ఉన్నయి. ఇంకోటేది బిడ్డా?"

మానస తల దించుకుంది.

"దాన్ని పెట్టలే బాపు."

"ఎందుకు?"

"అది నిన్ను వడేసింది. కాలువల పోనీ."

ప్రోగ్రామ్ తీసేసింది కాదు ఇది, కడుపుమండి ఆమే వదిలేసింది.

"అది వడేస్తదానే పిచ్చిదానా? మోకు పాతది. కొత్త తాడు పేనుకోమని మీ అవ్వ మొత్తుకుంటనే ఉండె, నేనే ఇనకపోతి. ముప్పై ఏండ్లు బువ్వ వెట్టిందే అది. పెట్టు దాన్ని."

మానస కళ్లు తుడుచుకుని, గట్టు చివర చుక్క పెట్టింది. పేరు రాసింది. ఎన్ని లీటర్లు అన్న గడి దగ్గర కాసేపు ఆగి, సున్నా కొట్టింది.

"ఇగ సరిపోయినయ్" అని గంగారాం కూర్చున్నాడు.