అవ్వ గోడ మీది యెరికో

మొన్న ఆదివారం మా చిన్నది మొయినాబాద్ ఇంట్లో హాలు గోడకున్న పాత బొమ్మకు ఫోన్ చూపించి, "అమ్మా, ఇది రోమ్ అట. కూలిపోయిన గుడి అట," అన్నది. నేను ఉల్లిగడ్డలు తరుగుతూ ఊఁ కొట్టాను. కానీ గుడి అనే ఆ ఒక్క మాటకు ఒకప్పుడు ఎంకపల్లిలో మా అవ్వ ఇంట్లో ప్రార్థనకు కూర్చున్నవాళ్లందరూ కళ్లముందుకు వచ్చారు.

రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చొత్తిన నల్లటి బొమ్మ అది. విరిగిన స్తంభాలు, సగం నిలిచిన కమాను, దాని మీద పెరిగిన పిచ్చిమొక్కలు, పైన ఒక కిటికీ, కింద కుండతో ఒకామె, రాయికి ఆనుకున్న ఇద్దరు మగవాళ్లు, ఒక గాడిద, కొన్ని మేకలు. అందులో ఒకటి కుక్క అని అవ్వ కొడుకు, మా బాపు, కాదు మేకపిల్లే అని అవ్వ. ఆ తగాదా తెగకుండానే ఇద్దరూ పోయారు. దవాఖాన నడిపిన దొరసాని తన దేశం తిరిగిపోతూ, వంట చేసిపెట్టిన అవ్వకు ఆ బొమ్మ ఇచ్చిందట. ఏ ఊరో చెప్పలేదు. గోడలు కూలిన ఊరంటే అవ్వకు తెలిసింది బైబిల్లోని యెరికో. ఆ ఊరు కూలిననాడు కిటికీకి గుర్తుగా ఎర్రదారం కట్టుకున్న రాహాబు అనే ఆమె బతికింది, ఆమె ఇంట్లో చేరిన తల్లిదండ్రులూ అన్నదమ్ములూ బతికారు. బొమ్మలో పైనున్న కిటికీ రాహాబుదేనని తేల్చి, అవ్వ ఆ బొమ్మ వేలాడే మేకుకు ఒక ఎర్రదారం కట్టింది. ఎవరికోసమో ఇంట్లో అందరికీ తెలుసు.

ఆమె అన్న కోసం. మేము ఆలూరు తాత అనేవాళ్లం. అవ్వ అత్తగారింట్లో అందరూ ఏసును నమ్ముకున్నారు గానీ, ఆలూరులో తాత పోచమ్మకు బోనం మానలేదు. మా ఇంట్లో ప్రార్థన కూటం ఉందంటే చాలు, చేవెళ్ల మీదుగా బస్సెక్కి వచ్చేవాడు. ప్రార్థన కోసం కాదు, తర్వాత పెట్టే బగారన్నం కోసం. చివరి ఆమెన్ వినబడేదాకా బయట అరుగు మీద చుట్ట కాలుస్తూ కూర్చునేవాడు. అవ్వ ఆయనను లోపలికి పిలిచి పిలిచి అలసిపోయి, చివరికి దారం కట్టింది.

నేను టీచర్ ట్రైనింగ్ నుంచి సెలవుకు వచ్చినప్పటి కూటం అది. కొత్త అయ్యగారు కోస్తా నుంచి వచ్చిన పడుచు పాస్టరు. చెడ్డవాడు కాడు. తన మందలో ఒక్కరు తప్పిపోయినా దేవుడికి తానే జవాబు చెప్పుకోవాలని భయపడే మనిషి. వాక్యం చదువుతూ తలెత్తి దారం చూశాడు. లేచి బొమ్మ దగ్గరికి పోయాడు.

"ఇది అన్యుల గుడి కదమ్మా. దీనికి దారం కట్టి మొక్కుతున్నారా?"

అవ్వ యెరికో అన్నది, రాహాబు అన్నది. ఆయన వినలేదు. "దారం తెంపండి. లేదంటే వచ్చే ఆదివారం ప్రభువు బల్లకు మీరు రాకూడదు," అన్నాడు.

బల్ల అంటే రొట్టె, ద్రాక్షరసం. జ్వరమున్నా అవ్వ మానేది కాదు. అక్కడి నుంచి లేపేస్తే ఊళ్లో పోయే పరువు సంగతి అటుంచి, దేవుడే తనను లేపేసినట్టు ఆమెకు. బాపు నేల చూస్తున్నాడు. మా అమ్మ కత్తెర తెచ్చి అవ్వ చేతిలో పెట్టింది, పని తొందరగా అయిపోతే చాలనుకుందేమో. నాకు కోపం వచ్చింది. అవ్వ కత్తెరను మేకు దాకా ఎత్తింది. దించేసింది.

"నాతోని కాదు అయ్యగారు. ఇది మా అన్న దారం. నా చేతులతోని ఆయనను బయటికి ఎట్ల ఎల్లగొట్టాలె? నేను బల్లకు రాను."

ఆ మాట అరుగు దాకా వినబడింది. కూటం నడుస్తుండగా ఎన్నడూ లోపలికి రాని తాత, చుట్ట ఆర్పి గడప దాటి వచ్చాడు. "జర జరుగుండ్రి," అని అందరినీ తప్పించుకుంటూ గోడ దగ్గరికి పోయాడు. కత్తెర ముట్టలేదు. గోళ్లతో మెల్లగా ముడి విప్పి, దారం అవ్వకు ఇచ్చి, చేయి చాపాడు.

"నా దారమైతే నాకే కట్టు చెల్లె. గోడకెందుకు?"

అవ్వ కట్టింది, ముడి మీద ముడి వేసింది. అయ్యగారు పుస్తకం తెరిచాడు. ఎక్కడ ఆపాడో వెతుక్కోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. తాత మళ్లీ అరుగు మీదికే పోయాడు.

ఆదివారం అవ్వ రొట్టె తీసుకుంది. తాత మాత్రం చర్చి గడప ఎక్కనేలేదు. మరుసటి ఎండాకాలం ఆయన పోయాడు. కడపటి స్నానం చేయిస్తూ పెద్దకొడుకు ఉంగరం తీశాడు, వెండి మొలతాడు తీశాడు, చేతి దారం దగ్గర ఆగి అవ్వ వైపు చూశాడు.

"అది ఉండనీ కొడుకా," అన్నది అవ్వ.

అప్పటికి అది ఎర్రదారం అంటే ఎవరూ నమ్మరు. ఒక్క ఏడాదిలో కాలం దాని రంగంతా తీసుకుపోయింది. అవ్వ వేసిన ముడి మాత్రం కాలానికి విప్పరాలేదు.