రివోన్ పుట్టినరోజుకి నీలం చొక్కా మోసుకెళ్ళిన ఆదివారం

నేను అబుదాబి వెళ్ళడానికి కారణం ఒక కొరియా గాయని పుట్టినరోజు. ఆమె పేరు రివోన్. ఆమె అక్కడికి రాలేదు, వస్తుందని ఎవరూ అనుకోనూ లేదు. అభిమానులే ఒక కాఫీ షాపు మాట్లాడుకుని, గోడల నిండా ఆమె ఫొటోలు అంటించి, కేకు కోసి, ఆమె పాటలకి డాన్సు చేస్తారు. ఆమె బొమ్మ అచ్చేసిన కాగితం తొడిగిన కప్పులో కాఫీ ఇస్తారు. ఆ కాగితాన్ని ఎవరూ పారేయరు, మడత పడకుండా ఇంటికి తీసుకెళ్ళి దాచుకుంటారు. ఇది కొరియాలో పుట్టిన ఆచారమట, ఇప్పుడు ఇక్కడా జరుగుతోంది. ఇలాంటి వాటికి బర్ దుబాయ్ నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావాలనుకునే ఆడవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

రివోన్ పాటలతో పరిచయం నాది కాదు, లిల్లీ అక్కది. అక్కది రాజోలు దగ్గర పల్లె, మాది ముమ్మిడివరం వైపు. అక్క ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనిలో ఉంది. ఆ కుటుంబం బర్ దుబాయ్‌లో ఉన్నప్పుడు అక్క నేను పనిచేసే టైలరింగ్ షాపుకే జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేది. రెండు వేల ఇరవైలో అందరూ ఇళ్ళలో ఉండిపోయినప్పుడు ఆ ఇంటి ఆడపిల్లలిద్దరూ టీవీ ముందు రివోన్ డాన్సులు నేర్చుకున్నారు. అక్క వెనకాల ఇస్త్రీ చేస్తూ నేర్చుకుంది. తర్వాత పిల్లలు పెద్దవాళ్ళై మానేశారు. అక్క మానలేదు. ఇల్లు అబుదాబికి మారాక కూడా ఇస్త్రీ గదిలో తలుపు వేసుకుని చేస్తూనే ఉంది. ఇప్పుడు ఆమెకి ముప్పై తొమ్మిదేళ్ళు. నెలకి ఒక్క ఆదివారం సెలవు. ఆ గది బయట, మనుషుల ముందు ఎప్పుడూ చేయలేదు. కిందటేడు నవంబరులో మొదటిసారి ఈ పుట్టినరోజు డాన్సుకి తన పేరు ఇచ్చి నాకు ఫోన్ చేసింది.

"ఒకే పాటే సత్యా. నాలుగు నిమిషాలు. రివోన్ ఒంటరిగా పాడిన మొదటి పాట. దానికి ఆవిడ నీలం చొక్కా వేసుకుంటాది. అది నువ్వు కుట్టిపెట్టాలి. నవ్వేవాళ్ళు నా వయసు చూసి నవ్వితే నవ్వనీ, నా బట్ట చూసి మాత్రం నవ్వకూడదు."

అక్క ఫొటో పంపింది. అది కొరియావాళ్ళ పాతకాలపు పొట్టి చొక్కా. ముందు రెండు భాగాలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. గుండీలు ఉండవు, పొడవాటి గుడ్డ నాడాలతో ముడి వేస్తారు. మెడ చుట్టూ తెల్లపట్టీ ఉంటుంది. ఫొటోలో కుడి భాగం పైకి ఉంది. మన జాకెట్టుకి కూడా కుడి భాగమే పైకి వస్తుంది కాబట్టి నాకు అనుమానం రాలేదు. షాపు మాస్టారు మిషను వాడుకోనిచ్చారు. పైన నీలం శాటిన్ వేశాను. లైనింగుకి షాపులో మిగిలిన పసుపుపచ్చ పట్టుముక్క వేసి, కుట్లు ఎక్కడా బయటికి కనపడకుండా లోపలికి మూసేశాను. "లోపల తిప్పి చూస్తేనే దర్జీ ఎవరో తెలుస్తుంది" అని మాస్టారు రోజూ చెప్పే మాట. షాపు పేరు మీద కాకుండా నా పేరు మీద కుట్టిన మొదటి బట్ట అదే.

మా ఆయన రాస్ అల్ ఖైమాలో కంకర క్వారీలో డంపర్ నడుపుతారు. ఆదివారాలు ఆయన నా దగ్గరికి వస్తారు. ఈసారి రావద్దని, అబుదాబి వెళ్తున్నానని ఫోన్లో చెప్పాను.

"ఒక్కదానివేనా? దారి తప్పితే ఎవరినైనా అడగాలి కదా. షాపులో దారం రంగు అడగడానికే నీకు నోరు పెగలదు."

"తప్పనండి."

"సరే. దిగాక ఫోన్ చెయ్. మాట్లాడకపోయినా పర్వాలేదు, రింగు ఇవ్వు చాలు."

అల్ గుబైబా బస్టాండు మా గదికి పావుగంట నడక. అక్కడి నుంచి అబుదాబికి నేరుగా బస్సు ఉంది. ఛార్జీ ఇరవై ఐదు దిర్హాములు, డ్రైవరు డబ్బులు తీసుకోడు, దుబాయ్ బస్సు కార్డు తాకించాలి. అందులో రానుపోను సరిపడా డబ్బు ముందురోజే నింపించుకున్నాను. ఏడున్నరకి వెళితే అప్పటికే వరస ఉంది. ఆడవాళ్ళని ముందు ఎక్కిస్తారు కాబట్టి ముందు సీటే దొరికింది. ఏడు యాభైకి బయల్దేరింది. చొక్కా ఉన్న సంచిని ఒళ్ళో పెట్టుకున్నాను. జబల్ అలీ దాటాక రోడ్డుకి రెండు వైపులా ఇసుక, కరెంటు స్తంభాలు, అక్కడక్కడా ఖర్జూరపు మొక్కలు. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. బస్సులో ఏసీ ఎక్కువ, పైన కప్పుకోవడానికి ఏదైనా ఉంచుకోవడం మంచిది. దాదాపు రెండు గంటల ప్రయాణం తర్వాత అబుదాబి పెద్ద బస్టాండులో దిగాను. మా ఆయనకి రింగు ఇచ్చాను.

అక్కడి నుంచి హమ్దాన్ వీధికి ఊళ్ళో తిరిగే బస్సు ఎక్కాలి. ఎక్కి కార్డు తాకిస్తే ఎర్ర లైటు వెలిగింది. మళ్ళీ తాకించాను, మళ్ళీ ఎర్ర లైటే. డ్రైవరు పఠాను, పెద్దాయన. "యే దుబాయ్ కా కార్డ్ హై బేటీ, యహాఁ నహీ చల్తా" అన్నాడు. దుబాయ్ కార్డు ఇక్కడ చెల్లదట. ఏమి చేయాలో అడగాలి, నాకు మాట రాలేదు. వెనక ఎవరో "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నారు. ఆయనే బయటికి వేలు చూపించి, "వో మెషీన్ సే నయా కార్డ్ లే లో. మై రుక్తా హూఁ" అన్నాడు. నిజంగానే ఆగాడు. కొత్త కార్డుతో ఎక్కాక వెనకవాళ్ళ వైపు చూడకుండా కూర్చున్నాను.

హమ్దాన్ వీధి చేరేసరికి పదకొండు కాలేదు. కాఫీ షాపు పన్నెండుకి గానీ తెరవరు. పక్క సందులో మలయాళీ హోటల్లో పరోటా, గుడ్డుకూర తిన్నాను, ఏడు దిర్హాములు. సంచిలోంచి నీలం గుడ్డ కనపడుతుంటే పరోటాలు కాల్చే అతను, "షాదీ హై క్యా?" అని అడిగాడు. పెళ్ళి కాదు, పుట్టినరోజన్నాను. ఎవరిదన్నాడు. అంతా చెప్పడం కష్టమనిపించి స్నేహితురాలిదన్నాను. టీకి డబ్బులు తీసుకోలేదు.

లిల్లీ అక్క పన్నెండుంపావుకి వచ్చింది. చొక్కా వేసుకుని, నాడాలు మన లంగాబొందు ముడిలాగే వేసుకుని, అద్దంలో ముందూ వెనకా చూసుకుంది. "అబ్బబ్బ, మా ఆయన చూస్తే గుర్తుపట్టడే" అంది. ఆమె డాన్సు మూడు గంటలకి. అయిదున్నరకల్లా ఇంట్లో ఉండాలి, ఆ ఇంటి మేడమ్ ఎక్కడికో వెళ్తుంది, ఆడపిల్లల తర్వాత పుట్టిన చిన్న పిల్లవాడిని పట్టుకోవాలి. షాపులో ఓ ముప్పైమంది ఉంటారు, చాలావరకు ఇరవై ఏళ్ళ లోపు పిల్లలు. ఏర్పాట్లు చూస్తున్నది జోయ్ అనే ఫిలిప్పీన్స్ అమ్మాయి. మూలన ఒక కొరియా పెద్దావిడ కూర్చుని ఉంది. ఈ పిల్లలకి కొరియా భాష నేర్పే టీచరట. అక్క డాన్సు ప్రాక్టీసుకి వెళ్ళింది, నేను గోడ మీది ఫొటోలు చూస్తూ నిలబడ్డాను.

రివోన్ బతుకంతా ఆ గోడ మీద వరసగా ఉంది. కింద ఇంగ్లీషులో రాసినవి జోయ్ నాకు హిందీలో చెప్పింది. చేపలు ఎండబెట్టే రేవు ఊళ్ళో పుట్టింది. పదమూడేళ్ళకి ఒక పాటల కంపెనీ పరీక్షలో నెగ్గి రాజధానికి రైలెక్కింది. ఆరేళ్ళు ఒకే గదిలో ఎనిమిదిమంది పిల్లలతో ఉంది. ఫోన్ ఉండేది కాదు, పొద్దున్నే బరువు తూచి గానీ అన్నం పెట్టేవారు కాదు. తర్వాత ఐదుగురి బృందంలో పెట్టారు. రెండేళ్ళు ఎవరూ వినలేదు, మూడో ఏడు అందరూ విన్నారు. ఆపైన గొంతుకి ఆపరేషను అయింది, బృందం విడిపోయింది, కంపెనీ కాగితాలు చేతికిచ్చి పంపేసింది. రెండేళ్ళు ఊళ్ళో చిన్నపిల్లలకి డాన్సు నేర్పి బతికింది. ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు ఒక్కతే మళ్ళీ వచ్చింది. ఆ రోజు కంపెనీ బట్టలు లేవు, వాళ్ళ అమ్మమ్మ కుట్టిన నీలం చొక్కా వేసుకుంది. చివరి ఫొటో అదే, గోడ మీద అన్నిటికన్నా పెద్దది.

ఆ ఫొటోలో ఎడమ భాగం పైకి ఉంది.

నా ఫోన్ తీసి అక్క పంపిన బొమ్మ చూశాను. అందులో కుడి భాగం పైకి ఉంది. గోడ మీద చిన్నప్పటి ఫొటోల్లో కూడా, అమ్మమ్మ పక్కన నిలబడ్డ దాంట్లో కూడా, అందరిదీ ఎడమే పైకి. అప్పుడు టైము ఒంటిగంటా యాభై. ఎవరూ గమనించలేదు. నేను ఊరుకుంటే నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. చెబితే అక్కకి ఉన్న ఆ ఒక్క రోజూ నా చేతి పనివల్ల పాడవుతుంది. మూలనున్న కొరియా ఆవిడ వైపు చూశాను. ఆవిడకి తెలియకుండా ఉండదు. వెళ్ళి అక్క మోచెయ్యి పట్టుకున్నాను.

"అక్కా, చొక్కా తిరగబడింది."

"ఏటి తిరగబడింది? బానే ఉంది కదే."

"ఎడమది పైకి రావాలి. నేను కుడిది వేశాను. గోడ మీద చూడు."

అక్క చూసింది. నా ఫోన్ లాక్కుని మళ్ళీ చూసింది. "ఓర్నాయనో! ఇది తిప్పేసిన వీడియోలోది!" అంది. డాన్సు నేర్చుకునేవాళ్ళ కోసం అద్దంలో కనపడినట్టు ఎడమ కుడిగా తిప్పి పెట్టే వీడియోలు ఉంటాయట. అక్క నేర్చుకున్నదంతా వాటిలోనే. బొమ్మలో వెనక గోడ మీద అక్షరాలు కూడా తిరగబడి ఉన్నాయని జోయ్ చూపించింది. కొరియా అక్షరాలు మా ఇద్దరికీ రావు, ఎటు ఉన్నా మాకు ఒకటే.

"కాళ్ళూ చేతులూ తిప్పుకుని నేర్చుకున్నాను గానీ చొక్కా తిప్పుకోవాలని తోచలేదే" అంది అక్క. "పోనీలే, ఎవరికి తెలుస్తాది?"

అక్క అదే మాట హిందీలో అంటే జోయ్ నసిగింది. ఆ వైపుకి కట్టేది చనిపోయినవాళ్ళకే అని టీచర్ ఒకసారి చెప్పిందంది.

"యేసయ్యా!" అక్క రెండు చేతులతో నాడాలు లాగేసుకుంది. "పుట్టినరోజుకొచ్చి చావు బట్టా? ఇప్పి పారేస్తాను. టీషర్టు మీద చేస్తాను. లేకపోతే అసలు చెయ్యను, పేరు కొట్టెయ్ జోయ్."

"కొట్టొద్దు" అన్నాను. గట్టిగా అన్నట్టున్నాను, పక్కవాళ్ళు తిరిగి చూశారు. "అక్కా, ఇలా ఇవ్వు. లోపలిది బయటికి తిప్పితే ఎడమది పైకి వచ్చేస్తుంది. నాడాలూ మెడపట్టీ విప్పి మళ్ళీ కుడితే చాలు. కాకపోతే నీలం ఉండదు. పసుపు."

అక్క నా మొహం వంక చూసింది. "గంటలో అవుద్దా?"

"అవుతుంది."

సూది, దారం, చిన్న కత్తెర నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. కిటికీ పక్కన కూర్చుని ముందు నాడాలు విప్పాను, తర్వాత తెల్లపట్టీ. లైనింగు మూసి కుట్టడం వల్ల తిప్పితే పసుపుపచ్చ చొక్కా శుభ్రంగానే కనపడింది. పట్టీని చేతికుట్టుతో మెడ చుట్టూ వేయడానికే అరగంట పట్టింది. అక్క పక్కనే కూర్చుని కాళ్ళాడిస్తూ, "పిల్లా, నీ నోట్లోంచి ఇన్ని మాటలు ఒకేసారి రావడం నేను ఇదే చూడ్డం" అంది. నేను దారం తెంపాను. మూడుకి అయిదు నిమిషాలుండగా రెండో నాడా పూర్తయింది.

అక్క వేసుకుని మళ్ళీ లంగాబొందు ముడే వేయబోయింది. అప్పుడు మూలనున్న కొరియా ఆవిడ లేచి వచ్చింది. అక్క చేతుల్లోంచి నాడాలు తీసుకుని, ఒకదాన్ని రెండోదాని మీదుగా తీసి, ఒక పక్కకే రెక్క వచ్చేలా ముడి వేసి, చివర్లు సమానంగా లాగింది. తర్వాత చొక్కా అంచు పట్టుకుని లోపలికి తిప్పి చూసింది. లోపల నీలం శాటిన్ కనపడింది. ఆవిడ నా వైపు చూసి తల ఊపింది. మా మాస్టారు పని బాగుంటే అలాగే ఊపుతారు.

డాన్సు నాలుగు నిమిషాలే. మొదట్లో ఒక చోట అక్క ఒక అడుగు వెనకబడింది, తర్వాత అందుకుంది. వెనక ఇద్దరు పిల్లలు పసుపు ఏమిటని గుసగుసలాడారు. ఎవరూ నవ్వలేదు. అయ్యాక ఒకమ్మాయి అడిగేసింది కూడా, రివోన్‌ది నీలం కదా అని. అక్క ఊపిరి తీసుకుంటూ, "వో రివోన్ కా. యే లిల్లీ కా" అంది. నాలుగుంపావుకి టాక్సీ ఎక్కింది. చొక్కా విప్పలేదు, పైన నల్ల కోటు వేసుకుంది.

నేను అయిదు గంటల బస్సుకి బయల్దేరాను. తిరుగు ప్రయాణంలో మా ఆయన ఫోన్ చేశారు. జరిగింది చెప్పాను. "నువ్వే చెప్పావా? అందరి ముందా?" అని రెండుసార్లు అడిగారు. రివోన్ పాట గురించి ఇప్పటికీ నాకు పెద్దగా తెలియదు. ఆమె బతుకు గోడ మీద ఏడు ఫొటోల్లో అయిపోయింది, మధ్యలో ఫొటో తీయని రోజులే ఎక్కువ ఉండి ఉంటాయి. వాళ్ళ అమ్మమ్మ చొక్కాకి లోపల ఏ రంగు గుడ్డ వేసిందో ఆ గోడ మీద ఎక్కడా లేదు. కిటికీలోంచి ఇసుక చూస్తూ నేను ఎక్కువసేపు ఆలోచించింది దాని గురించే.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట: దుబాయ్ కార్డు మిమ్మల్ని అబుదాబి బస్టాండు దాకానే తీసుకెళ్తుంది, ఊళ్ళో బస్సులకి పనికిరాదు. దిగగానే అక్కడి మెషీన్ దగ్గర వేరే కార్డు తీసుకోండి. మెషీన్ కనపడకపోతే అడగండి, చెప్తారు.